నది నుండి తరలివచ్చిన గుడి

మధ్యధరా తీరమున అలెగ్జాండ్రియా రేవును చూడబోయిన యాత్రికునికి నాటి దీపస్తంభము కనబడదు. భూకంపములకు కూలిన దాని రాళ్లు సముద్రగర్భమున ఉన్నవి. గద్వాల ప్రాంతపు ఆలంపురంలో ఇందుకు భిన్నమైన దృశ్యము చూడవచ్చును.

కృష్ణా తుంగభద్రలు కలియుచోట, కూడవెల్లిలో, బాదామి చాళుక్యుల నాటి సంగమేశ్వరాలయము ఉండెను. 1963లో పునాది పడిన శ్రీశైలం ప్రాజెక్టు జలాశయము నిండినచో అది మునుగును. కనుక గుడిని విప్పి ఆలంపురమునకు తరలించిరి.

రాతిగుడిని విప్పుట ఎట్లు? ఇట్టి కట్టడములలో రాళ్ల నడుమ సున్నము ఉండదు. బరువు, ఒకదానిలో ఒకటి ఇమిడిన చెక్కడము, ఇవే పట్టు. సున్నముతో అతికినదైతే విడదీయునపుడు అంచులు చిట్లును. ఇక్కడ ఆ బాధ తక్కువ. ప్రతి రాతికి అంకె వేసి, పటము గీసి, పైనుండి విప్పుకొని వచ్చి, తిరిగి అడుగునుండి పేర్చవలెను. ఒక్క అంకె తారుమారైనను ఆ రాయి పొరుగు రాతిపై కుదురుకొనదు. శిల్పి ఏనాడో దానిని ఆ చోటికే చెక్కినాడు!

నేడు ఆ గుడి ఎదుట సంగమము లేదు, పేరులో మాత్రము ఉన్నది.