క్షౌరపు కుంచె – దాని ఎన్నిక, మరపు



నేటి నా ప్రసంగవిషయమును విని కొందరు నవ్వుకొనవచ్చును. ముప్పదియేండ్లు బడిలో బాలవ్యాకరణము చెప్పిన పంతులు, గడ్డమునకు సబ్బు రాచుకొను కుంచెను గూర్చి మాటాడ వచ్చినాడేమి యని. కాని ప్రతిదినము ముఖమును తాకు వస్తువు ఎంత చిన్నదైనను ఉపేక్షింపదగినది కాదు. దానివలన సుఖము కలుగవచ్చును. తెలియక కొన్నచో రోగమును రావచ్చును. రెండును ఈ లోకమున జరిగినవే.

నలువదియేండ్లక్రిందట నాకు క్రొత్తగా ఉద్యోగమైనపుడు పట్టణమునకు బోయి పందివెండ్రుకల కుంచె నొకదానిని కొంటిని. మరునాడు తడిపి చెంపపై రాచుకొనగా అది పొరకవలె గీసెను. సబ్బు ఎంత రుద్దినను నురుగు నిలువలేదు. పైగా గొడ్లచావడి వాసన. నాలుగుదినములు సహించి, ఐదవనాడు దానిని అటకపై పారవైచితిని. అమ్మినవాడు మోసగించెనని పదిమందికి చెప్పితిని.

కొన్నినెలలకు ఊరిలో నొక పెండ్లి వచ్చెను. మా ఊరి క్షురకుడు, నాకంటె వయసున పెద్దవాడు, నా గడ్డమునకు సబ్బు పట్టించుచుండగా అతని కుంచె నెమలియీకవలె మెత్తగా తగిలెను. ఇది ఏ జంతువు వెండ్రుక యని అడిగితిని. “పందిదేనండి, పంతులుగారూ. మీరు కొన్న అంగడిలోనే కొన్నాను. మొదటినెల ఇదీ గీరింది. కోడెను కొన్ననాడే అరకకు కట్టి, దున్నదేమని కొట్టుదుమా?” అనెను. నా వ్యాకరణమునకు ఆనాడు మాట తోచలేదు.

కోడెకు కాడి మరపినట్లే ఈ కుంచెకును మరపు కావలయును. ఎందుచేతననగా వేపపుల్లను తలచుకొనుడు. విరిచినపుడు అది వట్టి పుల్ల. నమలగా నమలగా కొన పీచులై విడిపోయి పండ్లకు హితమైన కుంచె యగును. పందివెండ్రుకయు నట్టిదే. దాని మొదలు లావు, బిరుసు, కొన సన్నము. ఆ కొన పుట్టుకచేతనే రెండుమూడు చీలికలుగా నుండును. నీటికిని, సబ్బునకును, రాపిడికిని ఆ చీలికలు దినదినమును మరింత విచ్చుకొనును. కొన మెత్తబడును; మొదలు మాత్రము బిరుసుగానే నిలిచి ఊతనిచ్చును. ఈ రెండు గుణములును కలిసియుండుటయే దీని ప్రశస్తి. బాడ్జరు అను జంతువు వెండ్రుక మొదటినుండియు మెత్తన. కాని దాని వెల మిక్కిలి యెక్కువ.

ఈ వెండ్రుక పంది వీపుమీద నిక్కియుండునది. చైనాదేశము దీనికి పెద్ద ఆకరము. మన దేశమున కాన్పూరు ఈ వ్యాపారమునకు చిరకాలమునుండి పేరుపొందినది. దీనికెంత విలువ యుండెనో యొక్క నిదర్శనము చెప్పెదను. రెండవ ప్రపంచయుద్ధమున, 1942లో బర్మామార్గము మూతబడగా, విమానములు మన అస్సామునుండి కొండలను దాటి చైనాకు సరకులు చేరవేయుచుండెను. అవి మరలివచ్చునపుడు టంగ్‌స్టను, తగరములతోపాటు పందివెండ్రుకల మూటలను తెచ్చెడివి. రంగులువేయు కుంచెలకు అది అంత యవసరమయ్యెను.

ఇక ఎన్నిక. దీనికొక్కటే సూత్రము: సాధనచే వచ్చు గుణము వేరు, పుట్టుకతో నుండవలసిన గుణము వేరు. అంగడిలో రెండవదానినే పరీక్షింపవలెను. మెత్తనగు కుంచెను వెదకవలదు; మెత్తబడగల కుంచెను వెదకుడు.

మొదట కొనలను వెలుతురునకెదురుగా పట్టి చూడుడు. అవి సన్నగిల్లి, లేతవన్నెతో చీలియున్నచో మంచిది. కత్తెరతో సమముగా కోసినట్లు మొండిగా నున్నచో విడిచిపెట్టుడు. సహజమైన కొన పోయిన వెండ్రుక ఎన్నినాళ్లు వాడినను సరిగా మెత్తబడదు. రెండవది, వ్రేళ్లతో దువ్వి మెల్లగా లాగుడు. ఒకటి రెండు ఊడిన దోషము లేదు. మొదటివారమున కొన్ని రాలుట సహజమే. కుచ్చులుగా వచ్చినచో జిగురు చెడ్డది. మూడవది, నడుమ విడదీసి చూడుడు. చుట్టును వెండ్రుక నిలిపి లోపల డొల్లగా విడుచువారున్నారు. అట్టిది నీరు నిలుపదు. నాలుగవది కొలత. మొదట 22 మొదలు 24 మిల్లీమీటర్ల వెడల్పు, పిడి వెలుపల 50 మొదలు 55 మిల్లీమీటర్ల పొడవు ముఖమునకు చాలును. పిడి తడిచేతిలో జారనిదై యుండవలెను. బాడ్జరువలె కనబడుటకు నల్లని పట్టీ దిద్దిన కుంచెలు కలవు. ఆ రంగు మెత్తదనమునకు గుర్తుగాదు.

అన్నిటికంటె ముఖ్యమైన ప్రశ్న, ఎవరు చేసిరి యనునది. మన పశువులను చంపు దొమ్మరోగము మీరెరిగినదే. దాని బీజములు చచ్చిన పశువు వెండ్రుకలలో ఏండ్లతరబడి బ్రతికియుండును. 1914–18 నాటి యుద్ధకాలమున వెండ్రుకల వర్తకము తారుమారై, సరిగా శుద్ధిచేయని గుర్రపువెండ్రుకలతో చౌకకుంచెలు బయలుదేరెను. గడ్డము గీచుకొనునపుడు పడిన చిన్నగాట్లద్వారా బ్రిటనులోను, అమెరికాలోను సైనికులకును, పౌరులకును ఆ రోగము సోకెను, కొందరు మరణించిరి. 1920లో బ్రిటిషు ప్రభుత్వము జపానునుండి క్షౌరపు కుంచెల దిగుమతిని నిషేధించెను. అవి గుర్రపువెండ్రుకలే గాని, పాఠము అన్ని వెండ్రుకలకును ఒకటే. నేడు పేరుగల తయారీదారులు వెండ్రుకను ఉడికించి శుద్ధిచేయుదురు. కావున చేసినవారి పేరులేని కుంచెను తిరునాళ్లలో కుప్పనుండి ఏరుకొనకుడు. మిగులు నాలుగు రూపాయలకంటె ముఖము విలువైనది.

ఇక మరపు. క్రొత్తకుంచెను గోరువెచ్చని నీట సబ్బుతో బాగుగా కడుగుడు. పిమ్మట కొన్ని నిమిషములు నాననిచ్చి, అరచేతిలో సబ్బునురుగు తీయుచు కొంతసేపు త్రిప్పుడు. కడిగి, విదిలించి, నీడపట్టున గాలికి పూర్తిగా ఆరనిండు. మరునాడు మరల నట్లే. తడియుటవలె ఆరుటయు మరపులోని భాగమే. మొదట నురుగును కుంచెయే మ్రింగును, విసుగుకొనవలదు. వారము పదిదినములలో వాసన తగ్గును. పదునైదు ఇరువదిసార్లు వాడునప్పటికి కొనలు విచ్చుకొనుట చేతికి తెలియును. ఈ నడుమ దానితో క్షౌరము చేసికొనవచ్చును. గట్టిగా రుద్దకున్న చాలును. తొందరపడి మరుగునీరు పోయకుడు. వెండ్రుక చెడును, జిగురు వదలును. కొనలను కత్తిరింపకుడు.

మరపిన పిదప నిత్యనియమము స్వల్పము. వాడుటకు ముందు రెండుమూడు నిమిషములు వెచ్చనినీట నానవలెను. ముఖమున అదిమి వంచరాదు, కొనలతో త్రిప్పవలెను. పని కాగానే మొదటిలోని సబ్బంతయు పోవునట్లు కడుగవలెను. తడికుంచెను పెట్టెలో మూయరాదు.

ఒక కుంచె ఒక ముఖమునకే. ఆ పెండ్లినాడు నేనును పదిమంది వాడిన కుంచెతోనే గడ్డము గీయించుకొంటిని. అప్పుడు తెలియదు, ఇప్పుడు చేయను. రక్తముద్వారా వ్యాపించు కామెర్లు కలవని, గాటుపడిన చర్మమునకు ఒకరి వస్తువు మరియొకరికి తగదని వైద్యులు చెప్పుచున్నారు. క్షురకశాలకు మీ కుంచెను మీరే తీసికొనిపొండు. క్రొత్త బ్లేడు వేయుమని అడుగుడు. అది అతని నవమానించుట కాదు, అతనిని కాపాడుటయును.

ఆచారముచేతగాని, మతముచేతగాని పందివెండ్రుక నంటనివారికి నేడు కృత్రిమపు పోగుల కుంచెలు మంచివే దొరకుచున్నవి. వానికి ఈ మరపు అక్కరలేదు, త్వరగా ఆరును.

క్షురకుని మాట విన్ననాటి సాయంకాలమే నేను అటక యెక్కి, దుమ్ముపట్టిన నా కుంచెను దింపితిని. అది పదునొకండేండ్లు నాకు సేవచేసెను. దానిని చూచినపుడెల్ల, బడిలో చేరిన మొదటివారముననే మందబుద్ధులని నేను వెనుకబెంచీకి పంపిన పిల్లలు కొందరు జ్ఞప్తికి వచ్చెడివారు. వారిని దింపి తెచ్చుకొనుటకు అటక లేదు. కుంచె విషయముననైనను మీరు ఆ తొందర పడకుందురుగాక.

సెలవు.