చదివేవాళ్లకు ఏ బహుమతి ఇవ్వాలి?

పుస్తకాలన్నీ కథలే కావు. పక్షులు, చెట్లు, చరిత్ర, ఇలా నిజంగా ఉన్నవాటి గురించి చెప్పే పుస్తకాలూ ఉంటాయి. అవి ఇస్తే ఎంత మేలో చూడండి.

సలీం అలీ 1896లో బొంబాయిలో పుట్టారు. అమ్మానాన్నలు చిన్నప్పుడే పోతే మేనమామ పెంచారు. చిన్నతనంలో ఒకరోజు గాలి తుపాకీతో ఒక పిచ్చుకను కొట్టారు. దాని గొంతు మీద పసుపు మచ్చ ఉంది. అదేం పిట్టో తెలియక బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి తీసుకెళ్లారు. అక్కడ మిల్లార్డ్ అనే దొర కసురుకోలేదు. పిట్ట పేరు చెప్పి, చదువుకోమని పుస్తకాలు ఇచ్చి పంపారు. ఆ పిల్లాడే పెద్దయ్యి 1941లో మన దేశపు పక్షుల మీద బొమ్మల పుస్తకం రాశారు.

మన ఉంగుటూరుకి కొల్లేరు దగ్గరే. అక్కడ ఆటపాకలో గూడబాతులు గూళ్లు పెడతాయి. వాటి బొమ్మలున్న పుస్తకం సెలవులకి ఇంటికి తీసుకెళ్లాను. మా అయ్యకి అక్షరం రాదు. కానీ బొమ్మ చూసి, మా ఊళ్లో తిరిగే పిట్టలన్నిటికీ మా భాషలో పేర్లు చెప్పాడు. పుస్తకంలో ఆ పేర్లు లేవు. నేనే నోట్సులో రాసుకున్నాను.

అందుకే బహుమతి ఇచ్చేముందు వాళ్లకి ఏది ఇష్టమో అడగండి. పుస్తకానికి పాత క్యాలెండర్ కాగితంతో అట్ట వేయండి. డబ్బులు లేకపోతే తెల్లకాగితాలు కుట్టి నోట్సు చేసి, పెన్సిల్ పెట్టి ఇవ్వండి.

వార్డెన్ మేడమ్ గారూ, వార్షికోత్సవానికి స్టీలు గ్లాసులు ఇస్తున్నారు కదా. ఈసారి పుస్తకాలు ఇప్పించండి. గ్లాసుతో ఒక్కరే తాగుతారు, పుస్తకమైతే రూములో అందరం చదువుతాం.

– 9వ తరగతి విద్యార్థిని