చిన్న ల్యాప్‌టాప్‌కు ఎంత వేడి మామూలు?

మన అల్లపల్లిలో మే నెల ఎలా ఉంటుందో పాఠకులకు చెప్పనక్కరలేదు. టేకు అడవి బోసిపోతుంది, ఇల్లంతా పొయ్యిలా ఉంటుంది. ఆ రోజుల్లో పిల్లలు చదువుకొనే చిన్న ల్యాప్‌టాప్‌ను ముట్టుకుంటే చుర్రుమంటుంది. పాడైపోతుందేమోనని ఇంటిల్లిపాదికీ భయం.

కిందటి వేసవిలో పొరుగింటి అమ్మాయి తన ల్యాప్‌టాప్ పట్టుకొచ్చింది. పాఠం వీడియో చూస్తుంటే ప్రాసెసరు వేడి 72 డిగ్రీలు చూపుతోంది. మరమ్మతు చేసే ఒకరు బోర్డు మార్చాలన్నారట. "చిన్నమ్మా, అంత ఖర్చంటే బాపు వద్దంటున్నడు. పరీక్షలకు ఎట్ల చదవాలె?" అంది. గదిలో థర్మామీటరు చూశాను, 40 డిగ్రీలు. మర్నాడు తెల్లవారుజామున గది 28 డిగ్రీలున్నప్పుడు అదే వీడియో పెట్టించాను. ఈసారి 60 చూపింది. రెండుసార్లూ తేడా 32 డిగ్రీలే! యంత్రంలో లోపం లేదు, వేడంతా ఎండది. బోర్డు మార్చకుండానే ఆమె పరీక్షలు రాసింది.

ఇందులో కిటుకేమీ లేదు. ప్రాసెసరు తన వేడిని గదిగాలికి వదిలి చల్లబడుతుంది. గాలి వేడెక్కిన కొద్దీ అదీ అంత మేర పెరుగుతుంది. గది 25 డిగ్రీలుంటే ఊరికే ఉన్నప్పుడు 40–50, వీడియో చూస్తుంటే 55–70 మామూలే. బరువైన పని పెడితే 80 దాటవచ్చు.

ఇంటెల్ కంపెనీ 2019లో తెచ్చిన సెలెరాన్ ఎన్4020, 2023లో తెచ్చిన ఎన్100 రెండూ 6 వాట్ల రకాలు. మనింటి 9 వాట్ల ఎల్ఈడీ బల్బు కన్నా తక్కువే. అయినా ఇలాంటి చాలా ల్యాప్‌టాప్‌లలో ఫ్యాను ఉండదు, లోపలి లోహపు రేకే వేడిని మోయాలి. ఈ రెండింటి హద్దు 105 డిగ్రీలు. 2008 నాటి ఆటమ్ ఎన్270కు అది 90. హద్దు దగ్గరపడితే ప్రాసెసరు తానే నెమ్మదిస్తుంది, మరీ మించితే యంత్రం ఆగిపోతుంది.

అలాగని అశ్రద్ధ తగదు. చాలా ల్యాప్‌టాప్‌లను 35 డిగ్రీల గది వరకే వాడమని తయారీదారులు చెబుతారు. వేడికి త్వరగా దెబ్బతినేది బ్యాటరీ. కాబట్టి వేసవిలో చదువు, చార్జింగు తెల్లవారుజామున పెట్టుకోండి. బొంత మీద, పరుపు మీద కాక చెక్క పీట మీద ఉంచండి. తడిగుడ్డ చుట్టకండి. చల్లటి పూట ఏ పనీ లేకుండానే 80 చూపినా, మాటిమాటికీ ఆగిపోయినా చూపించాలి. అడుగుభాగం ఉబ్బితే వెంటనే చార్జింగు ఆపేయాలి.

మరమ్మతుకు డబ్బు తీసేముందు తెర మీది అంకెలోంచి గది వేడిని తీసివేసి చూడండి. ఆ లెక్కకు పైసా ఖర్చు లేదు.