అన్ని పనులకు ఒక్క సైకిలు

నేడు సైకిళ్ల దుకాణమునకు పోయినవానికి మొదట ఎదురగునది సైకిలు కాదు, ప్రశ్న. కొండదారులకా? పందెములకా? పట్టణపు వీథులకా? ఒక్కొక్కదానికి ఒక్కొక్క రకము సిద్ధముగా నున్నది. అన్నిటికిని ఒకటే చాలునన్న గృహస్థు అక్కడ కొంత తికమక పడును. మన తాతల కాలమున ఈ చిక్కు లేదు; సైకిలనగా నల్లని రంగు, 28 అంగుళముల చక్రములు, కడ్డీలతో లాగు బ్రేకులు, గొలుసుపై రేకుతొడుగు, వెనుక కారియరు.

1885లో ఇంగ్లండున జాన్ కెంప్ స్టార్లీ నిర్మించిన రోవర్ సైకిలు దీనికి పూర్వరూపము. 1888లో డన్లప్ గాలి టైరునకు పేటెంటు పొందిన పిమ్మట గాని దానిపై ప్రయాణము సుఖము కాలేదు. మన దేశమున 1949లో మద్రాసు చెంత అంబత్తూరున టి.ఐ. సైకిల్సు, 1951లో సోనేపట్టున అట్లాస్ సంస్థలు వెలసిన తరువాత ఇది మారుమూల పల్లెలకును చేరినది. ఉదయము పాలక్యాన్లు మోసిన బండియే గుమాస్తాను కచేరీకి చేర్చెడిది. సాయంకాలము ముందు కడ్డీపై పిల్లవానిని, వెనుక ఇల్లాలిని ఎక్కించుకొని సినిమాకు పోయెడిది. సీటు అందని బాలురు చట్రము నడుమ కాలు దూర్చి దానిమీదనే తొక్కుట నేర్చిరి.

ఇన్ని పనులకు అది ఎట్లు పనికివచ్చినది? దాని రెండు చక్రముల నడుమ దూరము ఎక్కువ. ముందు ఫోర్కు బాగుగా వాలియుండును. అందువలన గతుకుల తాకిడి చేతులకు తగ్గును. ఒకటిన్నర అంగుళపు టైరు మట్టిబాటలో అంతగా దిగబడదు, తారురోడ్డుపై మరీ మందగింపదు. ముందు పండ్లచక్రమునకు 44 పండ్లు, వెనుకదానికి 18 ఉన్నచో, పెడలు ఒకమారు తిరిగినంతనే బండి సుమారు ఐదున్నర మీటర్లు సాగును. గోదావరి కాలువగట్ల వెంట పోవువానికి ఇంతకు మించి అక్కరలేదు. అరకు ఘాటు ఎక్కువాడు మాత్రము దిగి, దాదాపు 20 కిలోల బరువును నెట్టుకొనక తప్పదు. ఈ లోపమును కొంత తీర్చుటకు ఇంగ్లండున మూడు గేర్ల హబ్బు పుట్టినది. 1936 నాటి స్టర్మీ-ఆర్చర్ ఏ.డబ్ల్యు. హబ్బులో క్రింది గేరు నడిమిదానికంటె నాలుగవ వంతు తేలిక. పై గేరు మూడవ వంతు వేగము.

నేడు కొనువారు పేరును గాక కొన్ని అంగములను చూడవలెను. టైరు 35 మొదలు 45 మిల్లీమీటర్ల వెడల్పు గలదై యుండవలెను. మడ్గార్డులను, కారియరును బిగించుటకు చట్రమున రంధ్రములు కావలెను. చాలమంది వీనిని మరచి, పిదప విచారింతురు. స్ప్రింగు ఫోర్కు చూపునకు ఇంపే గాని, చౌకరకమైనచో బరువును పెంచి తొక్కువాని బలమును కొంత మ్రింగును. ఇంటిల్లిపాదికి ఒకటే బండి యైనచో పైకడ్డీ లేని చట్రమే మేలని నా అభిప్రాయము. చీరకట్టిన వారును, మోకాళ్లు పట్టిన పెద్దలును సులభముగా ఎక్కుదురు. ముందు కడ్డీపై పిల్లవాని చోటు మాత్రము పోవును.

పందెపు సైకిళ్లతో ఇది పోటీపడజాలదు. ఆదివారమునాడు వంద కిలోమీటర్లు తొక్కువారికి రెండవ సైకిలు వట్టి వ్యసనమే యనుటకు నాకు సాహసము లేదు. కాని దానికి వేరే ట్యూబు, వేరే చోటు కావలెను. తొక్కక మూలనుంచినను టైర్లు బీటలు వారును. ఒక్క బండి గలవాడు అదనపు బరువు ఎక్కించిననాడు టైర్లలో గాలి కొంత పెంచి, ఇసుకదారిని పోవునాడు కొంత తగ్గించిన చాలును.