వేట – వాటా – జీతము

కళింగాంధ్ర తీరమున సముద్రముపై చేపలు పట్టుటను 'వేట' అందురు. ఈ పేరు సార్థకమే. విత్తినవానికి పంటపై ఆశ యుండును. వేటకు పోయినవానికి దొరికినదే దక్కును. కనుక ఈ పల్లెల బ్రదుకును తెలియగోరువారు, దొరికినదానిని ఎట్లు పంచుకొందురో ముందుగా విచారింపవలెనని మా యభిప్రాయము.

తెప్పపై పోవువారికి నెలజీతము లేదు. చేప అమ్మగా వచ్చిన సొమ్ములో ఖర్చులు తీసివేసి, నావకును వలకును కొంత వాటా తీసి, మిగిలినదానిని మనుషులు పంచుకొందురు. నావవాటా అనగా యజమాని వాటాయే. వల వట్టిదిగా వచ్చిననాడు అందరికిని శూన్యమే. ఇందు సమత్వము కొంత కలదు; కాని దానిని మిక్కిలి పొగడరాదు. యజమానికి పోవునది పెట్టుబడి, కూలివానికి పోవునది ఆ పూట కూడు. కట్టెతెప్ప పోయి ఫైబరు తెప్పయు యంత్రమును వచ్చిన పిదప తెడ్డు వేయు శ్రమ తగ్గినది, కాని ఇంధనపు ఖర్చు వాటాకు ముందే పోవుచున్నది. వలకో యంత్రమునకో వర్తకునివద్ద అప్పు తెచ్చినచో, చేపను అతనికే, అతడు చెప్పిన ధరకే ఇయ్యవలసివచ్చును. ఇక గంప నెత్తిన బెట్టుకొని ఊరూర అమ్ముట, మిగిలిన చేపకు ఉప్పు పట్టించి ఎండబెట్టుట ఆడువారి పని. ఇది ఏ వాటాలోను లెక్కకు రాదు!

తూర్పుతీరమున ఏటేట ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు, 61 దినములు, యంత్రపు పడవలకు వేట నిషిద్ధము. ఆ కాలపు భృతిని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2025లో 10,000 రూపాయలనుండి 20,000కు పెంచినది.

వాటాతో గడవనివారు జీతమునకు వలసపోవుదురు. శ్రీకాకుళము జిల్లావారు పలువురు గుజరాతులోని వెరావలు రేవున మరపడవలపై కుదురుచున్నారు. అచట పడవ నాయకుని 'తండేలు' అందురు; 2025లో వచ్చిన 'తండేల్' చలనచిత్రముతో ఈ మాట తెలుగువారందరికిని పరిచితమైనది. జీతము వేటతో తరుగదు గనుక వాటాకన్న మేలని తోచును. కాని అపాయమున వాటా తప్పదు. 2018 నవంబరులో గుజరాతు తీరమునుండి వేటకు పోయిన శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలవారిని, జలసరిహద్దు దాటిరని పాకిస్తాను బలగములు పట్టుకొన్నవి. వారిలో 20 మంది 2020 జనవరి 6న వాఘావద్ద అప్పగింపబడిరి. ఏడాదికి పైగా ఆ యిండ్లకు వాటాయు లేదు, సంపాదించువాడును లేడు.

నావకెంత, వలకెంత, మనిషికెంత అను లెక్కను పరిశోధక విద్యార్థులు పల్లె పల్లెకు పోయి వ్రాసికొనవలెను. నిఘంటువుల కెక్కని మాటలు పెక్కు ఆ లెక్కలలోనే దొరకగలవు.