గులాబీ రంగు యుద్ధనౌక

తమ్ముడు రెండో ప్రపంచయుద్ధపు డిస్ట్రాయర్ బొమ్మకి గులాబీ రంగు కలుపుతుంటే అమ్మ తమిళంలో, నాన్న తెలుగులో ఎగతాళి చేశారు. నిజానికి వాడిదే రైటు. 1940లో మౌంట్‌బాటన్ (తర్వాత మన ఆఖరి వైస్రాయ్ అయినాయనే) తన దళంలోని డిస్ట్రాయర్లకి ఆ రంగే వేయించాడు. లేత ఊదా ప్రయాణికుల ఓడ ఒకటి మిగతా ఓడలకంటే ముందే కంటికి ఆనకుండా పోవడం చూశాడట. బూడిద రంగులో వెనీషియన్ ఎరుపు కలిపితే ఇది వస్తుంది.

ఎంత ఎరుపు అన్నదే చిక్కు. నలుపు తెలుపు ఫోటో చూసి తేల్చలేం. ఎరుపుని పట్టుకోలేని పాతరకం ఫిల్ముల్లో ఎరుపు నల్లగా పడుతుంది. పైగా ఉప్పుగాలికి రంగు వెలిసిపోయేది కదా! ఫోటో చూడాల్సింది ఏ రంగు ఎక్కడిదాకా వేశారో తెలుసుకోడానికే.

ఇంకోటి, అసలు ఓడ రంగునే చిన్న బొమ్మకి వేస్తే మరీ ముదురుగా కనిపిస్తుంది. కొంచెం తెలుపు కలపాలి. తమ్ముడు కొంచెంతో ఆగలేదు, ఇప్పుడది పీచుమిఠాయిలా ఉంది.