మలపరీక్ష కిట్ ఎందుకు తిరిగి రాదు?

పెద్దపేగు క్యాన్సర్‌ను ముందే పసిగట్టేందుకు అమెరికా క్లినిక్కుల్లో ఇచ్చే మలపరీక్ష కిట్ అరచేతిలో ఇమిడిపోతుంది. చిన్న సీసా, దాని మూతకే అతికిన పుల్ల, తిప్పి పంపడానికో కవరు. ఇంట్లోనే పుల్లతో మలాన్ని పైపైన గీరి, సీసాలో పెట్టి బిగించి, తేదీ రాసి పోస్టులో వేయాలి. అయినా చాలా కిట్లు తిరిగి రావు. వచ్చినవాటిలోనూ కొన్నిటిని తేదీ లేదని ల్యాబువాళ్లు పక్కన పెట్టేస్తారు. చదువు అంతంతమాత్రంగా ఉన్నవాళ్లతో ఈ చిక్కు మరీ ఎక్కువ.

అసలు ఒంట్లో బాగానే ఉంటే పరీక్ష దేనికి? వాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఇదే, న్యాయమైన ప్రశ్న కూడా. పేగు లోపలి గోడ మీద మొలిచే పాలిప్ క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా పదేళ్ల దాకా పడుతుంది. ఆలోగా కంటికి కనిపించనంత రక్తం మలంలో కలుస్తుండవచ్చు. దాన్ని పట్టేదే ‘ఫిట్’ పరీక్ష. ఏటా చేయించుకోవాలి. అమెరికాలో 2021 నుంచి 45 ఏళ్లకే మొదలుపెట్టమంటున్నారు. మలంలో రక్తం కోసం ఏటా పరీక్షిస్తే ఈ క్యాన్సర్ మరణాలు మూడో వంతు తగ్గాయని మిన్నెసోటా అధ్యయనం 1993లోనే తేల్చింది. కరపత్రాల్లో ఇదంతా ఉంటుంది. కానీ అవి రాసినవాళ్లు తమలాంటి చదువరులనే ఊహించుకుని రాస్తారు.

చదవలేమని పైకి చెప్పేవాళ్లు తక్కువ. ‘కళ్లజోడు మర్చిపోయా, ఇంటికెళ్లి చూసుకుంటా’ అని కాగితం మడిచి జేబులో పెట్టుకుంటారు. డాక్టరు నమ్మేస్తాడు.

షికాగోలో మాజీ సైనికుల ఆసుపత్రిలో జరిగిన ఒక ప్రయోగం ఫలితాలు 2005లో వచ్చాయి. అక్కడ రోగుల జోలికి పోకుండా డాక్టర్లకు, నర్సులకు శిక్షణ ఇచ్చారు. చదువు తక్కువున్నవాళ్లతో ఎలా మాట్లాడాలో నేర్పి, వాళ్ల రోగుల్లో ఎందరు పరీక్ష చేయించుకున్నారో లెక్క చూపించారు. మొత్తం మీద పరీక్ష పూర్తిచేసినవాళ్లు శిక్షణ లేని చోట 32.4 శాతం, ఉన్న చోట 41.3 శాతం. ఇది ఓ మోస్తరు తేడాయే. తొమ్మిదో తరగతి స్థాయి కూడా చదవలేనివాళ్లలో మాత్రం శిక్షణ లేని చోట 30 శాతం, ఉన్న చోట 55.7 శాతం! చదువు స్థాయిని కొందరికే కొలిచారు కాబట్టి ఈ అంకెను కాస్త జాగ్రత్తగానే తీసుకోవాలి. అయినా ‘చదువు లేనివాళ్లు వినరు’ అనే మాట ఇక్కడ నిలబడదు.

చెప్పే తీరులో పెద్ద విద్యేమీ లేదు. ‘అర్థమైందా?’ అంటే ఎవరైనా తలూపుతారు. ‘నేను సరిగా చెప్పానో లేదో చూసుకోవాలి, ఇంటికెళ్లాక దీన్నెలా వాడతారో ఓసారి చూపించండి’ అంటే సీసా రోగి చేతిలోకి వస్తుంది. పుల్ల ఎటు తిప్పాలో, తేదీ ఎక్కడ వేయాలో అక్కడే తేలిపోతుంది. తప్పు డాక్టరు తన మీద వేసుకున్నాడు కాబట్టి రోగికి సిగ్గూ ఉండదు.

లూసియానాలోని పేదల క్లినిక్కుల్లో చేసిన అధ్యయనం ఇంకో సంగతి చెబుతుంది. పరీక్ష చేయించుకోమని చెప్పి కిట్ చేతికిస్తేనే 38.6 శాతం మంది పూర్తిచేశారు. తేలిక మాటల కరపత్రం, వీడియో జోడిస్తే 57.1. పైగా నర్సు వెంటపడి గుర్తుచేస్తే 60.6. నర్సు వల్ల అదనంగా దక్కింది మూడున్నర శాతం పాయింట్లు.  మాటలే కాదు, పరీక్ష కూడా తేలికవ్వాలి మరి. మలంలో రక్తం చూసే పాత పరీక్షకు మూడుసార్ల మలం కావాలి, ముందు మాంసం మానాలి. ఫిట్‌కు సాధారణంగా ఒక్కసారి చాలు, పథ్యం లేదు.

పిల్లల దగ్గర అమెరికాలో స్థిరపడ్డ మన పెద్దవాళ్లకూ ఈ కిట్లు అందుతుంటాయి. తెలుగు బాగా చదివే అమ్మ కూడా ఇంగ్లీషు కాగితం ముందు నిరక్షరాస్యురాలే. కొడుకో కోడలో దగ్గరుండి చూపించాలి, మలం సంగతి మాట్లాడటానికి మొహమాటపడకుండా. ఫలితం పాజిటివ్ అని వస్తే అది క్యాన్సర్ అని కాదు, పేగు లోపల గొట్టంతో చూసే కొలనోస్కోపీ చేయించాలని. అది చేయించకపోతే కిట్ పంపీ ప్రయోజనం లేదు.

ఆంధ్ర, తెలంగాణల్లో ఊరందరికీ ఇలాంటి స్క్రీనింగ్ లేదు. మన దగ్గర చిక్కు వేరు. రక్తం కంటికే కనిపిస్తున్నా మొలలనుకుని నెలల తరబడి పూతమందులు వాడతారు. అలా కనిపించినప్పుడు కిట్ కోసం చూడకుండా నేరుగా డాక్టరు దగ్గరికే వెళ్లాలి.